నీటి విమానంలో నా సీటు

ఆదివారం, రాత్రి

మా వలలు కోయించినవాడు నీటి విమానం కాంట్రాక్టరే. విమానం కృష్ణలో దిగడానికి జాగా కావాలట. మాకు ఒక్క మాట చెప్పలేదు. రేవులో నిలదీస్తే నవ్వి, నా భుజం మీద చెయ్యేశాడు. "కోపమెందుకు తమ్మీ? మొదలు నువ్వే ఎక్కు."

ఎక్కాను. పైనుంచి నల్లమల, మలుపు తిరిగిన నది చూసి మురిసిపోయాను కూడా. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

దిగి మళ్లీ గొడవకు పోతే బాపు నా రెక్క పట్టి ఆపాడు.

"ఇగ నోరు మూస్కో బిడ్డా. ఒకని పడవెక్కినంక ఆనితోని లొల్లి పెట్టుకోవద్దు. మన కట్టు ఎరుకలేదా?"

"అది పడవ కాదు బాపూ, విమానం!"

"నీళ్ల మీదనే తేలింది గద!"

రేవంతా నవ్వింది. ఇన్ని పోరాట కరపత్రాలు చదివాను, ఒక్క సీటుతో నోరు కట్టేయొచ్చని ఎందులోనూ లేదు. మా కట్టు ఆ కాంట్రాక్టరుకు ఎవరు చెప్పారో...

విమానం ఇక రోజూ దిగుతుందట. అంటే వల వేసే జాగా పోయినట్టే. కట్టు తప్పానని వెలివేసినా సరే, నా పడవ అడ్డం పెడతాను. ఈ పేజీనే నా కరపత్రం, ఈ రాత్రే ఇంటింటికీ చేరుస్తాను: విమానం ఎక్కని తమ్ముళ్లారా, మీకు ఏ కట్టూ లేదు. పొద్దున ఆరింటికి పడవలతో రేవుకు రండి.