ఇఫ్తార్ బల్ల దగ్గర ఆడిన అబద్ధం

దుబాయ్ నుంచి,
రంజాన్ నెల, ఇరవై రెండో ఒకపొద్దు

ప్రేమగల అక్క మీరాబీకి, నీ తమ్ముడు మస్తాన్ సలాములు. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, బావా, పిల్లలు షకీలా, చిన్నోడూ అందరూ ఆరోగ్యంగా ఉన్నారనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఒకపొద్దు ఉండి పరుపుల దగ్గర గొంతుక్కూర్చుని కుట్టకు. కొత్త పత్తి దిగి ఉంటుంది. చలి మొదలైతే బొంతలకి జనం వస్తూనే ఉంటారు. కుట్టు పని కొన్నాళ్ళు షకీలాకి అప్పజెప్పు.

ముందే ఒక మాట చెప్పాలక్కా. ఈ ఉత్తరం షకీలా చేత చదివించుకోకు. నువ్వే చదువుకో. నువ్వు ఐదో తరగతి దాకా చదివావు, అక్షరాలు మర్చిపోయానంటావు గాని మర్చిపోలేదని నాకు తెలుసు. అందుకే పెద్ద పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాస్తున్నాను. రెండు రోజులు పట్టినా పరవాలేదు.

ఇక్కడ ఎండ తగ్గింది. మొన్నటిదాకా కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలేది. ఇప్పుడు సాయంత్రం పూట సముద్రం మీంచి గాలి వస్తోంది. ఒకపొద్దులన్నీ ఉంటున్నాను, ఒక్కటి కూడా పోలేదు. ఇక్కడ ఒకపొద్దు అంటే ఎవరికీ తెలియదు, రోజా అనాలి. దూదేకులవాళ్ళం, మేము ఇంట్లో మాట్లాడేది కూడా తెలుగేనని చెబితే గదిలోవాళ్ళు మొదట్లో నమ్మలేదు. ఇప్పుడు వాళ్ళే నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్నారు. తెల్లవారుజామున లేచి, రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకుని అందరం తింటాం. నా గురించి బెంగ పెట్టుకోకు.

తిండికి లోటు లేదు. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉన్నాను, కానీ ఈసారి నిజంగానే లోటు లేదు. ఈ నెలలో నేను తిన్న తిండి మన ఇంటా వంటా ఎవరూ తిని ఉండరు. అదెలాగో చెబుతాను.

నేను పనిచేసే పత్రిక ఆఫీసులో లిజీ మేడమ్ అని ఒకావిడ ఉంది. కేరళ ఆవిడ, నీకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. హోటళ్ళ గురించి, తిండి గురించి రాయడం ఆవిడ ఉద్యోగం. రంజాన్‌లో ఇక్కడి పెద్ద హోటళ్ళన్నీ ఇఫ్తార్‌కి బఫే పెడతాయి. మన వైపు ఈ మధ్య పెళ్ళిళ్ళలో పళ్ళెం పట్టుకుని ఎవరికి వాళ్ళే వడ్డించుకుంటున్నారే, అదే. ఏ హోటల్లో ఏది బాగుందో తిని చూసి రాయమని మేడమ్‌కి పన్నెండు హోటళ్ళ పేర్లు ఇచ్చారు. సాయంత్రం ఆవిడని అక్కడ దింపి, బయటికి వచ్చేదాకా కారులో కూర్చోవడం నా పని.

మొదటి రోజు అలాగే కూర్చున్నాను. అజాన్ వినపడగానే మూడు ఖర్జూరాలు తిని నీళ్ళు తాగాను. రెండో రోజు మేడమ్ లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి తిరిగొచ్చింది. ఆవిడా నేనూ వచ్చీరాని హిందీలో మాట్లాడుకుంటాం. "నేను మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను, నాకేం రుచి తెలుస్తుంది, పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టనివాడివి నువ్వు, లోపలికొచ్చి తిని నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను" అంది. వద్దన్నా వినలేదు. నా చొక్కా జేబు దగ్గర చిరిగి ఉంటే చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాను.

లోపల ఏం చూశానో నీకు ఎలా చెప్పను? మన మసీదు వసారా అంత పొడుగు బల్ల మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిండే. ఖర్జూరాలే తొమ్మిది రకాలు. నేరేడు పండు రంగులో ఒక షర్బతు, పసుపు రంగులో ఒకటి. ఒక గొర్రెని ముక్కలు చెయ్యకుండా అన్నం మీద పడుకోబెట్టారు. పాకంలో ముంచిన చిట్టి బూరెల్లాంటివి, సేమియాతో చేసినట్టున్న మిఠాయి, జున్ను. మొదట ఏది తీసుకోవాలో తెలియక పళ్ళెంలో రెండు సమోసాలు వేసుకుని నిలబడ్డాను. మేడమ్ నవ్వి, నన్ను చెయ్యి పట్టుకున్నట్టే అన్ని గిన్నెల దగ్గరికీ తిప్పింది.

రోజూ ఇదే. గోధుమలూ మాంసమూ గంటలకొద్దీ ఉడికించి మెత్తగా ఎనిపి హరీస్ అని పెడతారు. కారం అనేదే ఉండదు. జ్వరం తగ్గినవాడికి పెట్టే పథ్యంలా ఉంది, తింటే కడుపు నెమ్మదిస్తుంది అన్నాను. మేడమ్ రాసుకుంది. రెండు రోజులాగి పత్రికలో ఆ మాటే ఇంగ్లీషులో వేశారని చూపించింది. ఇంకో హోటల్లో మాంసం రబ్బరులా సాగుతోందంటే అదీ రాసింది. నా నాలుక మీద ఆవిడకి గురి కుదిరింది. నాకూ లోపల కాస్త గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఆరు హోటళ్ళు తిరిగాం. ఈ ఆరు రోజులూ నేను మన ఖాసింని తలుచుకోలేదక్కా. వాడు పోయి ఆరు నెలలు. తెల్లారి లేస్తే వాడే గుర్తొచ్చేవాడు. అలాంటిది సాయంత్రమయ్యేసరికి ఈ రోజు ఏ హోటలో, ఏం పెడతారో అని ఆలోచించడం మొదలుపెట్టాను. తిండి మీద పడిపోయాను. నువ్వు ఏమనుకున్నా సరే, ఉన్నమాట ఇది.

ఏడో హోటలు సముద్రం ఒడ్డున ఉంది. ఇసుకలో పెద్ద గుడారం వేసి, పొడుగాటి బల్లలు పెట్టి, తెలియనివాళ్ళందరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. మేడమ్ వంటవాళ్ళతో మాట్లాడాలని వెళ్ళింది. నేను పప్పు సూపు తాగుతూ, కాస్త మిరియాల పొడి పడితే బాగుండేది అని నాలో నేను అనుకున్నాను. పైకే అన్నట్టున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నవ్వింది.

"తెలుగు అబ్బాయివా? ఏ ఊరు నాయనా?"

అద్దంకి దగ్గరండీ అన్నాను. వాళ్ళది గుంటూరట, బ్రాడీపేటలో ఉంటారు. పక్కనున్న ఆయన ఆవిడ భర్త, బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. కూతురికి పురుడు పోయడానికి వచ్చి, ఈ నెల ఇక్కడే ఉండిపోయారు. ఇల్లు దాటాక తెలుగు మాట విని ఎన్ని రోజులైందో అని ఆవిడ నా పళ్ళెంలోకి తన పళ్ళెంలోంచి ఖర్జూరాలు వేసింది. దూదేకులవాళ్ళమని చెబితే ఆయన వాళ్ళ చిన్నతనంలో మనవాళ్ళు వీధుల్లో విల్లు మోగించుకుంటూ వచ్చి దూది ఏకేవాళ్ళని చెప్పాడు. మా నాన్న కూడా అలాగే తిరిగేవాడండీ అన్నాను. చాలా రోజుల తర్వాత నా మనసు తేలికపడింది.

అప్పుడు ఆవిడ మీరెంతమంది అని అడిగింది. ముగ్గురమండీ, అక్క, నేను, తమ్ముడు అన్నాను. ఎప్పుడూ చెప్పే మాటే కదా, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"తమ్ముడేం చేస్తాడు?"

పోయాడండీ అని చెబితే అయిపోయేది. చెప్పలేకపోయాను. "వచ్చే నెల ఇక్కడికే వస్తున్నాడండీ. వీసా వచ్చింది" అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. "మంచిపని చేశావయ్యా. పరాయి దేశంలో ఒక్కడే కూర్చుని తింటే ముద్ద దిగదు. ఇద్దరుంటే ఒకరికొకరు."

ఆయన పేరు అడిగాడు. ఖాసిం అన్నాను. ఆయన తినడం ఆపి, చెయ్యి తుడుచుకుని, రెండు చేతులూ పైకెత్తాడు. ఖాసిం క్షేమంగా వచ్చి అన్నని చేరుకోవాలని తెలుగులోనే దువా చేశాడు. ఆవిడ ఆమీన్ అంది. నేనూ ఆమీన్ అన్నానక్కా. మనం మట్టి ఇచ్చిన పిల్లవాడు క్షేమంగా రావాలని ఆమీన్ అన్నాను. కాదు, మట్టి ఇచ్చింది మీరు. నేను ఆ పిడికెడు మట్టి కూడా వెయ్యలేదు.

తర్వాత ముద్ద దిగలేదు. లేచి కారు దగ్గరికి వెళ్ళిపోయాను. మేడమ్ వచ్చి, ఈ రోజు ఏది బాగుందని పుస్తకం తీసింది. నేను స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ పుస్తకం మూసేసింది. అప్పుడు చెప్పాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది. అంతా విని, మీ అక్కకి తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. "నీ అంతట నువ్వు చెబితేనే ఆమెకి తెలుస్తుంది, లేకపోతే ఎప్పటికీ తెలియదు" అని మాత్రం అంది.

ఫోనులో చెబుదామంటే ఫోను పక్కింట్లో ఉంది. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చి అందుకుంటావు, చుట్టూ నలుగురు నిలబడి వింటుంటారు. అందుకే రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో పని అని రాశాను. అది నిజం కాదు. రెండేళ్ళు నేను ఒక పెద్ద బిల్డింగు కింద కార్లు కడిగాను. పొద్దున నాలుగింటికి బకెట్టు, గుడ్డ పట్టుకుని మొదలుపెట్టేవాణ్ణి. మీకు పంపిన ఫొటోలో నేను ఆనుకుని నిలబడ్డ తెల్ల కారు కూడా నేను కడిగినదే. డ్రైవరు పని ఈ సంక్రాంతి వెళ్ళాక దొరికింది.

ఖాసిం తనని కూడా తీసుకెళ్ళమని రాశాడు. ఆ కారులో నీ పక్కన కూర్చుని ఆఫీసుకి వస్తానన్నా అని రాశాడు. ఆ రోజుల్లోనే మా సూపర్‌వైజరు ఇంకో మనిషి కావాలి, మీ ఊరివాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పు, వీసా వస్తుందన్నాడు. నేను చెప్పలేదు. వాడొస్తే నా బకెట్టు చూస్తాడు. ఆ తెల్ల కారు ఎవరిదో తెలిసిపోతుంది. మా అన్న అని ఊళ్ళో చెప్పుకు తిరిగేవాడు, వాడి ముందు చిన్నబోవడం నా వల్ల కాలేదు. ఈ ఏడాది వీసాలు ఆపేశారు, కొన్నాళ్ళు ఆగమని రాశాను. వీసాలు ఎవరూ ఆపలేదక్కా.

వాడు ఆగుతూ ఊరికే ఉండలేక చీమకుర్తి వెళ్ళాడు. గ్రానైటు కోసే దగ్గర చేరాడు. డ్రైవరునయ్యాక, ఇక పరవాలేదు, బక్రీదు తర్వాత పిలిపిద్దాం అనుకున్నాను. పలకలు లారీకెక్కిస్తుంటే ఒకటి జారి వాడి మీద పడిందని బావ ఫోను చేసిన రోజు, వాడి వీసా కోసం ఏం కాగితాలు కావాలో కనుక్కుని వచ్చి కూర్చుని ఉన్నాను. రావడానికి మా ఆఫీసువాళ్ళు సెలవు ఇవ్వలేదని చెప్పాను కదా, అది మాత్రం నిజమే. అడిగాను, కాళ్ళు కూడా పట్టుకున్నాను.

అమ్మ పోయినప్పుడు వాడికి మూడేళ్ళు. చంకనేసుకుని తిరిగింది నువ్వు. అన్నం కలిపి పెట్టింది నువ్వు. నీ పెళ్ళికి వాడు నీ కొంగు వదలకపోతే బావ నవ్వి, వీణ్ణి కూడా తీసుకెళదాం పదమన్నాడు. అలాంటివాణ్ణి నా పరువు కోసం అక్కడ ఆపేశాను. నువ్వు ఇన్నాళ్ళూ దేవుడు తీసుకుపోయాడని సరిపెట్టుకుంటున్నావు. నాకు ధైర్యం చెబుతూ నువ్వు పంపిన ఉత్తరం నా దిండు కింద ఉంది, దాన్ని మళ్ళీ చదవలేకపోతున్నాను.

మిగిలిన హోటళ్ళకి నేను లోపలికి రానని మేడమ్‌కి చెప్పాను. సరేనంది. ఆవిడని దింపి, దగ్గర్లో మసీదు ఎక్కడుంటే అక్కడికి వెళుతున్నాను. నేల మీద ప్లాస్టిక్ పట్టాలు పరిచి కూలీలందరికీ అన్నం, మాంసం, మజ్జిగ పెడతారు. ఎవరూ పేరు అడగరు, ఊరు అడగరు. నలుగురు ఒక పళ్ళెంలో తింటాం. తింటున్నాను, నువ్వు దిగులుపడకు. ఆరోగ్యం బాగానే ఉంది.

ఆ గుంటూరు పెద్దవాళ్ళు ఏ ఇంట్లో ఉంటారో అడగలేదు. అడిగి ఉంటే వెళ్ళి నిజం చెప్పేవాణ్ణి. ఆయన ఇంకా ఖాసిం కోసం దువా చేస్తూ ఉంటే ఏం చెయ్యను?

నా కాంట్రాక్టు మరో నాలుగు నెలల్లో అయిపోతుంది. అప్పుడు సెలవిస్తారు. వచ్చి నేరుగా నీ గడప ఎక్కాలని ఉంది. ఎక్కవద్దంటే ముందు ఖబరస్తాన్‌కి వెళ్ళి, నువ్వు పిలిచేదాకా మసీదులో ఉంటాను. పండుగ నమాజు అయ్యాక బావ వాడి గోరీ దగ్గరికి వెళతాడు కదా, నా పేరు చెప్పి ఒక ఫాతిహా చదవమను. బావకి ఈ సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం. చెప్పినా నేనేమీ అనుకోను.

బావకి నా సలాములు. మసీదు పెద్దలకి, పక్కింటి పిన్నికి అడిగానని చెప్పు. షకీలాకీ చిన్నోడికీ పండుగ దీవెనలు. నువ్వు పెద్దదానివి, నన్ను దీవించమని అడగడానికి ఈసారి నాకు నోరు రావడం లేదు. తిట్టాలనిపిస్తే తిడుతూ రాయి, కానీ రాయడం మానకు.

అక్కా, ఒక్క సంగతి నీ దగ్గర తెలుసుకోవాలి, ఆరు నెలలుగా అడగలేకపోయాను. చీమకుర్తి వెళ్ళేముందు వాడు నీ ఇంట్లోనే ఉన్నాడు. వీసాలు ఆపేశారని నేను రాసిన ఉత్తరం చదివి ఏమన్నాడు? నమ్మాడా? నన్ను ఏమైనా అన్నాడా? నా మనసు కష్టపడుతుందని దాచకుండా, వాడు అన్నది అన్నట్టు రాయి.

ఇట్లు,
నీ చేతి ముద్ద తిని పెరిగిన నీ తమ్ముడు,
మస్తాన్