తాబేలు మరిచిపోయిన విద్య

గురజాల,
నవంబరు 23, ఆదివారం.

చిరంజీవి యశస్వినికి,

నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మ క్షేమం, నానమ్మ క్షేమం, మొన్న ఈనిన గేదె, దాని దూడ కూడా క్షేమం. నువ్వు వేళకు తింటూ, వేళకు పడుకుంటూ అక్కడ బాగున్నావని తలుస్తున్నాను. ఈ వరసలో నా పేరు లేదేమని అడుగుతావు. దాని సంగతి తర్వాత రాస్తాను.

నాన్న ఉత్తరం రాయడమేందని నవ్వకు. ఆదివారం ఫోన్లో ఇచ్చే ఐదు నిమిషాల్లో మూడు మీ అమ్మే లాక్కుంటుంది. మిగిలిన రెండు నిమిషాలూ మీ వార్డెన్ దగ్గు వినపడుతుంటే 'తిన్నావా' తప్ప నాకింకో మాట రాదు. అందుకే రాళ్ళ ఫ్యాక్టరీ పుస్తకంలోంచి నాలుగు కాగితాలు చించుకుని కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళుగా నాపరాయి కోసే మిషను పట్టిన చెయ్యి, అక్షరాలు వంకరపోతే నువ్వే సర్దుకుని చదువు. మీ అమ్మ పంపే పండుమిరప పచ్చడి పార్సిల్‌లో పెడుతున్నాను, నూనె మరకలు ఉంటే అవి నావి కావు.

పోయిన ఆదివారం మీ అమ్మ చేతికిచ్చి పంపిన ఉత్తరం మూడుసార్లు చదివాను. అడిగినవాటికి జవాబులు చెబుతాను. మీ అమ్మ మోకాలు కొంచెం నయం. నరసరావుపేట డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. ఈవిడ గడ్డివాము ఎక్కి దిగుతోంది. అడిగితే, "అవేమన్నా మెట్లా?" అని నన్నే గదిమింది. నానమ్మ కళ్ళజోడు దొరికింది, బియ్యం డబ్బాలో ఉంది. ఎలా వెళ్ళిందో అడగొద్దు.

నీ ఫోన్లోని జీవాల ఆట సంగతి. నీ తాబేలుకు రోజూ మేత పెడుతున్నాను. నిన్నటితో నూట అరవై ఒక్క రోజులు, ఒక్కరోజు తప్పలేదు. హాస్టల్లో ఫోను పెట్టుకోనివ్వరని నువ్వు దాన్ని నా చేతికిచ్చి వెళ్ళిన రోజు, ఈ చాకిరీ కూడా నాకేనా అని విసుక్కున్నాను. ఇప్పుడు మధ్యాహ్నం మిషను ఆపి, ముందు దానికి పెట్టి తర్వాత నా క్యారేజీ విప్పుతున్నాను. "కన్నకూతురికంటే తాబేలు ఎక్కువైపోయిందే!" అని మీ అమ్మ ఎత్తిపొడుపు.

ఇక నువ్వు అడిగిన నాలుగోది. 'ముప్పయ్యో తేదీలోపు ఇరమ్‌తో జత తెంచెయ్యి నాన్నా, ఎర్ర బటన్ నొక్కితే చాలు, ఆ నమ్మకద్రోహి మొహం నాకిక చూపించొద్దు' అని రాశావు. ఈ వారంలో ఆ బటన్ దాకా నాలుగుసార్లు వెళ్ళాను. నొక్కితే ఇద్దరూ కలిసి పెంచినవన్నీ పోతాయని, మళ్ళీ రావని అది హెచ్చరిస్తోంది. నాలుగుసార్లూ వెనక్కి వచ్చేశాను. కారణం చెప్పాలంటే కొంచెం వెనక నుంచి రావాలి. ఓపిక పట్టు తల్లీ.

తొమ్మిదో తరగతిలో మీరిద్దరూ జత కట్టినప్పుడు నేనేమన్నానో గుర్తుందా? నీది బండ మోసే తాబేలు, ఇరమ్‌ది మిణుగురు. అదేం జత, ఏనుక్కీ ఎలుకకీ ముడేసినట్టుంది అన్నాను. అప్పుడు నువ్వు గళ్ళ నోటుబుక్కు తెచ్చి నాకు పాఠం చెప్పావు. ఒక్కో జీవానికి నాలుగే విద్యలు. ఐదోది నేర్పాలంటే ఉన్నదాంట్లో ఒకటి మరిపించాలి. ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగవని పక్కన తెలుగులో రాశావు. తాబేలుకు రాయి విసరడం, మట్టి చల్లడం, తేరుకోవడం, అడ్డు నిలవడం.

"కొట్టేది ఒక్కటేనా? మిగతా మూడూ దండగ గదే!" అన్నాను నేను.

"నాలుగూ కొట్టేవే పెడితే పిచ్చోళ్ళ ఆట నాన్నా," అన్నావు. "ఇరమ్ మిణుగురు పిడుగులాగా కొడతది. కానీ ఒక్క దెబ్బ తగిలితే రాలిపోద్ది. దాని మీదకి వచ్చే దెబ్బ నా తాబేలు కాచుకోవాలి. అందుకే దీనికి అడ్డు. మేమిద్దరం కలిస్తేనే ఒక జీవం."

తల ఊపాను. కానీ నాకు ఎక్కలేదు. మీ తాత వెంకట్రామయ్య పందెం పుంజుల్ని సాకినవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని బాదంపప్పు నూరి పెట్టిన చేతులివి. "ఎనక్కి చూసే పుంజు పందేనికి పనికిరాదురా, పులుసుకి పనికొస్తది," అనేవాడాయన. ఎగిరి తన్నేదే పుంజు, ఇంకో పుంజు కోసం తన్నులు తినేదాన్ని ఏ బరిలోనూ నేను చూడలేదు. ఆ అడ్డు అనే విద్య కోసం నువ్వు ఎండాకాలం సెలవులన్నీ కూర్చున్నావని, అది ఇంకెప్పుడూ ఇవ్వరని తెలిసి కూడా, నా బుర్రలో తాత మాటే ఉండిపోయింది.

దసరా సెలవులకు నువ్వొచ్చిన మర్నాడు, ఆదివారం, జతల పోటీ. ఆఖరి ఎనిమిది జతల్లో మీరున్నారని మీ అమ్మ గారెలు వండింది. నువ్వూ ఇరమ్ వరండాలో మంచం మీద ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. నేను గడపలో నిలబడ్డాను. అవతల జత పులి మొదటి దెబ్బ మిణుగురు మీదకే విసిరింది. నీ వేలు తెర మీద తిరిగి తిరిగి ఆగిపోయింది. "అడ్డేది? నా అడ్డేది?" అన్నావు. ఆటలో గడియారం ముల్లు తిరిగిపోయింది, మిణుగురు రాలిపోయింది. నాలుగు నిమిషాల్లో అంతా అయిపోయింది.

నువ్వు ముందు నన్నే అడిగావు. "నాన్నా, నువ్వేమన్నా ముట్టుకున్నావా?"

"నాకేం తెలుసమ్మా ఆ నొక్కుళ్ళు. నువ్వు చెప్పిందే నొక్కా," అన్నాను.

అప్పుడు ఇరమ్ వైపు తిరిగావు. "పాస్‌వర్డ్ నాకూ నీకూనే తెలుసు. తాబేలుకు అడ్డు తీసి కొండవిరుపు దెబ్బ పెట్టు, కొండవిరుపు పెట్టు అని ఎండాకాలం నుంచి చంపుతున్నావు. నేను లేనప్పుడు పెట్టుకున్నావుగా! సిగ్గు లేదా నీకు?"

ఆ పిల్ల తన ఫోన్లో ఏదో చూసుకుంది. తలెత్తి ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. గారెలు అట్లాగే ఉండిపోయాయి.

యశూ, మార్చింది నేను.

రాసేశాను. ఇప్పుడు ఈ కాగితం చించకుండా మిగతాది కూడా రాయాలి.

ఆ ముందు శుక్రవారం సాయంత్రం ఆరులోపు 'జట్టు ఖాయం' నొక్కమని, ఇంకేదీ ముట్టుకోవద్దని నువ్వు వార్డెన్ ఫోన్లో రెండుసార్లు చెప్పావు. ఫ్యాక్టరీ నుంచి వస్తూ బస్టాండు టీ కొట్టు దగ్గర ఆగి ఫోను తీశాను. మేత పెట్టగానే తాబేలు ఒక మెట్టు ఎదిగింది. కొండవిరుపు వచ్చింది, నేర్పాలంటే ఒకటి మరిపించాలి అని అడిగింది. వద్దు అని నొక్కబోయాను. మా మేస్త్రీ ధనుంజయరావు భుజం మీదుగా తొంగి చూశాడు. నా కూతురు రాష్ట్రంలో ఎనిమిదిలో ఉందని ఫ్యాక్టరీ అంతా డప్పు కొట్టుకున్నవాణ్ణి గదా, ఎట్లా ఆడుతుందో చెప్పమన్నాడు. చెప్పాను.

"ఏందిరా ఈరాంజనేయులూ, నిలబడి తన్నులు తింటదా మీ అమ్మాయి జీవం? పల్నాడోళ్ళ బిడ్డేనా అది?" అని నవ్వాడు. పక్కన నలుగురు నవ్వారు.

అంతే తల్లీ. నా వేలు నాది కాకుండా పోయిందని రాయొచ్చు, కానీ అది కూడా అబద్ధమే. వేలు నాదే. నలుగురిలో నామర్దా అయిందని రోషం వచ్చింది. అడ్డు మీద నొక్కి, మరిపించు అన్నాను. 'నిజంగానా?' అని అది ఇంకోసారి అడిగింది. నిజంగానే అన్నాను. "అద్దీ!" అన్నాడు ధనుంజయరావు. ఛాతీ విరుచుకుని టీ తాగాను. ఆదివారం నువ్వు గెలుస్తావని, అప్పుడు ఎగిరి చెప్పుకోవచ్చని కూడా అనుకున్నాను, చూడు నా తెలివి!

ఆట పాడుచెయ్యడం ఒక తప్పు. బుద్ధి తక్కువై చేశాను, కాళ్ళు పట్టుకుంటే నువ్వు క్షమిస్తావు. రెండోది అట్లాంటిది కాదు. ఇంటికొచ్చిన పిల్లని, నన్ను బాబాయ్ అని పిలిచే పిల్లని, నా గడపలో నా కూతురు సిగ్గు లేదా అని అడుగుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. 'నాకేం తెలుసమ్మా' అన్నాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. నువ్వు గంటసేపు అరిచి, పొద్దుగూకేలోపు గారెలు తినేదానివి. ఆ గంట అరుపులకు భయపడి, మీ ఇద్దరి మధ్య రెండు నెలల నిప్పు పెట్టాను. అద్దంలో గడ్డం గీసుకుంటూ నా మొహం నేనే చూసుకోలేకపోతున్నాను. థూ, ఏం బతుకు అనిపిస్తోంది.

తర్వాత ఇరమ్ రెండుసార్లు బస్టాండులో కనిపించింది. రెండుసార్లూ తనే, "బాగున్నారా బాబాయ్, పిన్ని మోకాలు ఎట్టా ఉంది?" అని అడిగింది. తిట్టినా బాగుండేది. మీ అమ్మకు ఈ విషయం, ఎర్ర బటన్ గురించి నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజే చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని, "నాకు చెప్తే ఏం లాభం? ఆ పిల్ల గుమ్మం ఎక్కు ముందు," అంది. వారం రోజులుగా నాతో మాటల్లేవు. అన్నం మాత్రం పెడుతోంది.

గురువారం పని ఎగ్గొట్టి ఇరమ్ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న అబ్దుల్ రహీమ్ ఆటోకి టైరు బిగిస్తున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను. ఆయన స్పానరు కింద పెట్టాడు. "రెండు నెలల్నించీ నా బిడ్డ ఆ ఆట తియ్యలేదన్నా. మొకం ఏలాడేసుకుని తిరుగుతుంటే, సదువు మీద ధ్యాస లేదని నేను కూడా తిట్టా. నాకెట్టా తెలుస్తది?" అన్నాడు. ఆయన కళ్ళలోకి చూడలేక టైరు వైపు చూస్తూ ఉన్నాను. ఆ తర్వాత ఆయనే స్టూలు లాగి కూర్చోమన్నాడు.

ఇరమ్ కాలేజీ నుంచి వచ్చింది. "అమ్మా ఇరమ్, ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"తెలుసు బాబాయ్," అంది.

"ఏం తెలుసే?"

"నేను మార్చలేదని నాకు తెలుసు గదా. శుక్రవారం సాయంత్రం మార్చినట్టు ఫోన్లో ఉంది. అప్పుడు యశు హాస్టల్లో ఉంది. ఇంక మిగిలింది ఎవరు?"

"మరి అప్పుడే చెప్పకపోయావా తల్లీ! అన్ని మాటలు పడ్డావే!"

ఆ పిల్ల చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "మీరు తెలవదన్నారు గదా బాబాయ్. నేను చెప్తే మీరు అబద్ధం ఆడినట్టు యశు ముందర తేలుద్ది. మా నాన్న అబద్ధం ఆడడు అని అది క్లాసులో చానాసార్లు అంది. ఏదన్నా తగాదా వస్తే మీ మీదే ఒట్టేసుద్ది. ఆ మాట నా నోటితో పోగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నా," అంది.

రహీమ్ అన్న ముందే ఏడ్చాను యశూ. సిగ్గుపడలేదు, అప్పటికే పడాల్సినంత పడి ఉన్నాను. ఒక్క దెబ్బకి రాలిపోతుందని నువ్వు చెప్పిన మిణుగురే నాకు అడ్డు నిలబడింది. అంత బండ మోసే నేను దాని వెనకాల రెండు నెలలు దాక్కున్నాను.

వచ్చేటప్పుడు ఇరమ్ ఒక చీటీ ఇచ్చింది, దీంతో పెడుతున్నాను. పోయిన అడ్డు ఎటూ రాదట. కొండవిరుపు చాలా నెమ్మదిగా పడే దెబ్బ కాబట్టి, తన మిణుగురు చేత ఒక పిడుగు మరిపించి, ఎదుటివాడి కళ్ళు చెదరగొట్టే విద్య నేర్పుతుందట. వాడు తేరుకునేలోపు నీ తాబేలు కొండ ఎత్తాలట. నాకు సగమే అర్థమైంది. నీకు మొత్తం అర్థమవుతుందని చెప్పమంది. నువ్వు ఒప్పుకుంటేనే మారుస్తుందట. అడక్కుండా మార్చేవాళ్ళ సంగతి దానికి బాగా తెలుసు.

ఎర్ర బటన్ నేను నొక్కను. నువ్వు చెప్పిన పని చెయ్యనని ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. ముప్పయ్యో తేదీ ఆదివారం, చూడ్డానికి రానిచ్చే రోజు, నేనే వస్తాను. ఫోను తెస్తాను. ఇరమ్‌ని రమ్మని అడిగాను, రహీమ్ అన్న సరేనన్నాడు. అంతా విన్నాక కూడా తెంచాలనిపిస్తే, ఆ పిల్ల మొహం చూస్తూ నువ్వే నొక్కు.

నాతో మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు. గేటు బయట వేపచెట్టు కింద కూర్చుంటాను, మీరిద్దరూ మాట్లాడుకోండి. తర్వాత రా, ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు, వార్డెన్ విన్నా సరే. నువ్వు ఆ రోజు అడిగిన ప్రశ్న ఇంకోసారి అడుగు. నలుగురి ముందు అడుగు. ఈసారి నాకేం తెలుసమ్మా అనను.

ఇట్లు,
నువ్వు ఒట్టు వేసుకునే,
నీ దగ్గర అబద్ధమాడిన
నాన్న,
వీరాంజనేయులు.