లారీ కింద చుక్కలు

మంగళవారం, రాత్రి

వారం రోజులుగా లారీ కింద చుక్కలు పడుతుంటే, చేపల పెట్టెల్లోంచి కారే ఐసు నీళ్ళేలే అనుకున్నాను. ఇవాళ కృత్తివెన్ను నుంచి లోడుతో వస్తుంటే కాలవ మలుపులో స్టీరింగు మొరాయించింది. రెండు చేతులా బలంగా తిప్పి బయటపడ్డాను. ఎదురుగా బస్సొచ్చి ఉంటే...

బందరులో మెకానిక్ కరీం గారు ఆ తడిని వేలికి రాసుకుని వాసన చూశారు.

"నీచు వాసనేదండీ? ఇది స్టీరింగ్ ఆయిలు. ఇన్నేళ్ళు చేపలు తోలారు, ఆ మాత్రం తెలీలేదా బావగారూ?" అని ఒకటే నవ్వు.

చిట్లిన హోస్ పైపు తీసేసి కొత్తది వేశారు. స్టీరింగు ఒంటిచేత్తో తిరిగింది.

లోడు దించి ఇంటికొచ్చాక చూస్తే లారీ కింద మళ్ళీ తడి! వంగి, వేలు ముంచి వాసన చూశాను. నీచు కంపు. ఇన్నేళ్ళలో అదింత కమ్మగా ఎప్పుడూ లేదు.