ఒరిజినల్ రీలు

ఏలూరు, శనివారం రాత్రి

పాత రీళ్లు బాగుచేస్తున్న ఇన్నాళ్లలో ఇలాంటి భయం ఎప్పుడూ కలగలేదు. ఆకివీడులో పాత సామాన్ల కొట్లో దొరికిన మూడు విరిగిన గాలం రీళ్లు విప్పి, బాగున్న భాగాలతో ఒకటి బిగించాను. ఒక్క ముక్కా కొత్తది కాదు. దాన్ని కొంటానన్న తాడేపల్లిగూడెం ఆయన రేపొచ్చి తీసుకెళ్తానన్నారు.

సాయంత్రం దాన్ని తిప్పి చూస్తున్నాను. చుట్టుకోసారి ఒకచోట పట్టేసి, కీచుమని వదులుతోంది. ఎంత నూనె వేసినా అది పోలేదు. అంతలో పక్కింట్లో కొత్తగా దిగిన రూతమ్మ టీచరుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏవండీ, అది మా నాన్నగారి రీలండీ. కొల్లేటికోటలో ఆయన అరుగు మీద కూర్చుని దారం చుట్టుకుంటుంటే ఇదే చప్పుడు."

"ఆయన రీలు ఏమైందండీ?"

"ఆయనతోపాటే కొల్లేట్లో పోయింది. పడవొక్కటే తిరిగొచ్చిందండీ."

మూడింట్లో ఏ ముక్క ఆయనదో నాకెలా తెలుస్తుంది? "మీరే ఉంచుకోండి టీచరుగారూ," అన్నాను.

ఆవిడ ఒకడుగు వెనక్కి వేశారు. "వద్దండీ. మా అమ్మ మంచం పట్టి చాలా కాలమైంది. ఇందాక మీరు తిప్పగానే లేచి వెళ్లి వీధి తలుపు తీసిందండీ."

గూడెం ఆయనకు ఫోన్ చేసి, ఇవ్వలేనని చెప్పాను. "భాగాలన్నీ ఒరిజినలేనన్నారు కదండీ?" అన్నారు.

"ఒరిజినలేనండీ. అదే నా భయం."

రీలు బల్ల మీద ఉంది. మళ్లీ ముక్కలుగా విడదీసేద్దామనుకున్నాను. కానీ విప్పాలంటే పిడిని ఒక్కసారైనా తిప్పాలి. గోడ అవతల ఆ పెద్దావిడ ఇంకా మేలుకునే ఉన్నారు. దగ్గు వినిపిస్తోంది.