ఏర్కాడు కాటేజీకి నాలుగు కిటికీలు

ఏప్రిల్ 12, 1981. ఆదివారం. ఉదయం 7 గం.

చిత్తూరు జిల్లాలోనూ ఆ చుట్టుపట్లా నివసించు మా సమస్త బంధువులకు, బంధువుల బంధువులకు, గుండు కొట్టించుకోదలచిన వారికి, కొట్టించుకుని గంధం పూసుకుని కొండ దిగివచ్చు వారికి, తిరుపతిలో దేవుడి పటాలకు ఫ్రేములు కట్టు మునస్వామి చేయు ప్రకటన: మే ఎనిమిది మొదలు పద్దెనిమిది వరకు మా ఇంట చాపలుండవు. చెంబులుండవు. కాఫీ అసలే ఉండదు. తలుపుకు తాళం ఉంటుంది. దానికే దండం పెట్టుకుని పోవచ్చు!

కారణం: నిన్న పదకొండు మంది చుట్టాలు తిని, పడుకుని, ఒక లడ్డు మా చేతిలో పెట్టి, మా గొడుగు పట్టుకుని వెళ్లారు. మా ఆవిడ దేవకమ్మ బోర్లించిన గుండిగ మీద కూర్చుని అంది:

"పెండ్లై పంతొమ్మిదేండ్లాయ. ఎండాకాలమొస్తే లోకమంతా మనింటికే. నేను కూచోనుంటే నా చేతికి ఒకరు కాపీ తెచ్చిచ్చిన దినం ఒకటుంటే చెప్పయ్యా."

ఆలోచించాను. లేదు.

నా నోరు ఊరుకోదు కదా. నాతోపాటు ఎస్సెల్సీ తప్పిన సౌందరరాజన్ ఇప్పుడు సేలంలో ఉన్నాడనీ, ఏర్కాడు కొండ మీద నీళ్ల ఒడ్డున వాడికి కాటేజీ ఉందనీ, పదిరోజులు మనదేననీ చెప్పేశాను. దేవకమ్మ లేచి నిలబడింది.

నిర్ణయం: మే 8, మొదటి బస్సు. నేను, దేవకమ్మ, మా అమ్మాయి పంకజాక్షి. ఏడు కొండల కింద కాపురం చేస్తూ ఎనిమిదో కొండకు ప్రయాణం!

ఏప్రిల్ 13. రాత్రి భోజనాలప్పుడు.

"ఏమయ్యా, ఆ ఇంటికి కిటికీలెన్ని?"

రేపు చెబుతానన్నాను.

ఏప్రిల్ 14. ఉదయం 10.30. అంగడి.

నాలుగు కిటికీలు. ఎర్ర పెంకులు. మొద్దుకు కట్టేసిన పడవ. తెల్ల బాతులు రెండు. ఒక్క రాత్రిలో ఇంతా రాసి పంపాడు, సౌందరరాజన్ చాలా చురుకైన మనిషి.

నేటి పని: వేంకటేశ్వరస్వామి పటాలు ఆరు, పోయిన తండ్రులవి రెండు. పాత పని: దేవస్థానం ఆఫీసులో గుమాస్తా దేవనాథన్ ఇచ్చిన క్యాలెండరు బొమ్మ ఒకటి. కొండ, నీళ్లు, ఇల్లు. ఫ్రేము ఎప్పుడో కట్టేశాను, అతనే తీసుకుపోవడం లేదు. గోడకు నా ఎదురుగా తగిలించుకున్నాను. కళ్లకు చల్లగా ఉంది.

ఏప్రిల్ 19.

చుట్టాలకు తొమ్మిది కార్డులు రాశాను, ఇంటికి తాళమని. మదనపల్లెలో ఉన్న మా అక్క అక్కమ్మకు అదనంగా ఒక ముక్క: "వైద్యుడు నాకు కొండగాలి రాశాడు." మా వైద్యుడు నాకు రాసేది విరేచనాల మందే!

సర్దవలసినవి: కంబళ్లు మూడు, మంకీ క్యాపు, ఇడ్లీ పొడి, గోంగూర ఊరగాయ, అమృతాంజనం.

ఏప్రిల్ 23.

పంకజాక్షి వీధంతా చాటింది. నేను దానికి భూగోళం నేర్పాను: చెరువు వేరు, సరస్సు వేరు. చెరువులో బర్రెలుంటాయి, సరస్సులో బాతులుంటాయి.

మధ్యాహ్నం దేవకమ్మ అంగడికి క్యారియరు తెచ్చింది. నేను తింటున్నంతసేపూ గోడల మీది దేవుళ్లందరినీ చూస్తూ నిలబడింది. తర్వాత అడిగింది:

"వంటిల్లు ఏ పక్కుండాది?"

"అది కనబడదు మే."

"ఎవురికి కనబడదు?"

"సౌందరరాజన్ రాయలేదంటాండా. అయినా నీకు వంటింటితో ఏం పని? ఆడ మాణిక్యమని ఒక మనిషుండాడు. పొద్దున ఆరుకి, సాయంత్రం నాలుగుకి కాపీ తెచ్చి చేతికిస్తాడు."

"నేను కూచోనుంటేనా?"

"పండుకోనున్నా ఇస్తాడు."

ఖాళీ క్యారియరు ఒళ్లో పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నేను చూసి చాలా కాలమైంది. సాయంత్రం దాకా ఒక్క మేకూ తిన్నగా దిగలేదు.

ఏప్రిల్ 29. ఘోరం!

దేవనాథన్ వచ్చి పటం తీసుకుపోయాడు.

"ఇంకో వారం ఉండనియ్ సామీ, జిగురు ఆరలేదు."

"మూడు వారాలుగా ఆరనిది జిగురా, జీడిపాకమా? ఏమప్పా, అద్దం లోపల చీమ ఉండాదే!"

"సరస్సు దగ్గర చీమలుండవా సామీ?"

చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. గోడ మీద మేకు మాత్రం మిగిలింది.

ఈ రోజు నుంచి సౌందరరాజన్ ఉత్తరాలు ఆగిపోయాయి.

మే 2.

ఏర్కాడులో చిరుతపులి దిగిందని దేవకమ్మకు చెప్పాను. తలుపేసుకుందామంది.

సేలం రోడ్డు మరమ్మతులో ఉందన్నాను. మెల్లగా పోదామంది.

ఆ చలికి నా మోకాలు పట్టేస్తుందన్నాను. అమృతాంజనం ఇంకో సీసా సంచిలో వేసింది. సంచి గుమ్మం దగ్గరికి వచ్చేసింది. దాన్ని దాటి లోపలికి రావాలంటే నాకు చెప్పలేనంత బరువుగా ఉంది.

మే 4. అంగడి.

మగవాడన్నాక మార్గం వెతకాలి. అక్కకు కార్డు:

"అక్కా, మా ప్రయాణం నిలిచిపోయినది. స్వామి మొక్కు ఆలస్యం చేయరాదు. అందరూ 7వ తేదీకి వచ్చేది. నేను రాసినట్లు దేవకితో చెప్పవద్దు."

చుట్టాలు గుమ్మంలో ఉంటే దేవకమ్మ కదలదు. తప్పు నాది కాదు, స్వామిది. ఆయనకు ఇటువంటివి అలవాటే.

మే 7. సాయంత్రం 5 గం.

అక్క దిగింది. మొత్తం పద్నాలుగు మంది, తల నిండా జుట్టుతో.

నేను రొమ్ము మీద చెయ్యి వేసుకుని, "అయ్యో అక్కా! రేపు పొద్దున బస్సు గదక్కా మాకు! ఇప్పుడా వచ్చేది?" అన్నాను. నాటకాల్లో చేరి ఉంటే పైకొచ్చేవాణ్ణి.

అక్క చెంబు కింద పెట్టింది.

"ఏంరా మునసామీ, ఎండకి మతి పోయిందా? నువ్వే గదరా రమ్మని కార్డు రాసినావు! దేవకితో చెప్పొద్దని గూడా రాసినావే!"

దేవకమ్మ కార్డు అడిగి తీసుకుంది. చదివింది. మడిచి కొంగున ముడివేసుకుంది. పద్నాలుగు మందికీ వడ్డించింది. నాకూ వడ్డించింది. నెయ్యి వేయలేదు.

మే 8. ఉదయం 5.15.

సంచి భుజాన వేసుకుని, పంకజాక్షి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నీ అక్క, నీ మొక్కు. పాలు దాలి పొయ్యిలో ఉండాయి. మేం పోయొస్తాం."

"యాడికి మే?"

"ఏర్కాడుకి. సరస్సు ఒడ్డున నాలుగు కిటికీల ఇల్లు యాడంటే ఎవురైనా చూపిస్తార్లే."

నిజం గొంతు దాకా వచ్చింది. వెనక నుంచి అక్క పిలిచింది: "ఒరే, కాపీ!"

తిరిగి చూసేసరికి వీధి ఖాళీ.

మే 9.

కాఫీలు: తెల్లవారి పద్నాలుగు, పదకొండు గంటలకు ఆరు, సాయంత్రం పద్నాలుగు. వేలు కాలింది. అక్క మాట: "చక్కెర తక్కువరా, నీ మాటల్లో ఉన్నంత గూడా లేదు."

తల్లీకూతుళ్లిద్దరూ ఏ సరస్సు చుట్టూ తిరుగుతున్నారో! బయలుదేరి పోదామంటే పద్నాలుగు గుండ్లకు నీళ్లు కాయాలి.

మే 12.

కార్డు వచ్చింది. పంకజాక్షి దస్తూరీ, వాళ్లమ్మ మాటలు:

"మేము క్షేమం. ఇల్లు నువ్వు చెప్పినట్లే ఉండాది. ఎర్ర పెంకులు, పడవ, బాతులు. మూడో కిటికీ పక్కన అద్దం లోపల ఒక చీమ చిక్కుకోని ఉండాది. పాపం. మాణిక్యం ఆరుకీ నాలుగుకీ కాపీ తెచ్చి చేతికిస్తా ఉండాడు. పద్దెనిమిది దాకా రాము."

చీమ! ఆ రోజు క్యారియరు తెచ్చి దేవుళ్లను చూస్తూ నిలబడలేదూ? వాళ్ల మధ్య ఆ బొమ్మలో కిటికీలు లెక్కపెట్టుకుని మరీ వెళ్లిందన్నమాట.

కార్డు తిప్పాను. తపాలా ముద్ర వడమాలపేట. ఇక్కడ బస్సెక్కితే ముప్పావు గంట. దేవకమ్మ చెల్లెలు సిద్ధమ్మ ఇల్లు అక్కడే.

మే 13. ఉదయం 6 గం. పద్నాలుగు కాఫీల తర్వాత.

పోయి పట్టుకోవచ్చు. "ఇది ఏర్కాడు కాదు గదా" అని అడగవచ్చు. "మరి ఆ ఇల్లు యాడుండాది?" అని ఆమె అడుగుతుంది. అందుకని కార్డు రాశాను: "దేవకికి, ఏర్కాడు కాటేజీ, సిద్ధమ్మ గారి ఇల్లు, వడమాలపేట. సంతోషం. చలికి జాగ్రత్త."

కొత్త ప్రకటన: వచ్చే అక్టోబరులో నిజంగా ఏర్కాడు. రేపే అక్కడ బస ఇచ్చేవాళ్లకు ఉత్తరం. చుట్టాలకు మళ్లీ తొమ్మిది కార్డులు, ఈసారి దొంగచాటు పదోది లేకుండా.

ఇంత రాశాక ఒకటి దాచడమెందుకు? సౌందరరాజన్ ఉన్నాడు, సేలం పోయి ఇరవై రెండేళ్లు, కాటేజీ ఉన్నా ఉండవచ్చు. ఇల్లు బొమ్మలో ఉంది. పడవ, బాతులు, కిటికీలు అన్నీ బొమ్మలో ఉన్నవే. బొమ్మలో లేనివాడు, అచ్చంగా నేను పుట్టించినవాడు మాణిక్యం ఒక్కడే.

ఆమె అడిగింది వాణ్ణొక్కణ్ణే.