పదకొండేళ్ల పెద్దరికం

జనవరి 6, మంగళవారం

మొన్న ఆదివారం పొద్దున గుర్తొస్తోంది. ఏ విశేషమూ లేని పొద్దు. నాలుగున్నరకు లేచాను. స్నానం చేసి, అల్మారా తలుపు లోపల అంటించిన ధర్మపురి నరసింహస్వామికి మొక్కాను. దీపం పెడితే స్మోక్ అలారం మోగుతుంది. చేతులే జోడిస్తాను. ఇంటి యజమాని బాబాకు చక్కెర లేని చాయ్. పిల్లలకు గుడ్లు. ఖుబూస్ రొట్టెలు వేడి చేసి గుడ్డలో చుట్టాను. మిద్దె మీద బట్టలు తెచ్చి మడత పెట్టాను. జాబ్రియాలో ఈ అరబ్బుల ఇంట్లో పాతికేళ్లుగా అదే వరస.

తొమ్మిదింటికి ఎగైలాలో పనిచేసే చెల్లెలు గంగామణి ఫోన్ చేసింది. అక్కా, ఆపరేషన్ నాటికి నా కార్డు నడ్వదంటున్నరు అంది.

దానికి గర్భసంచిలో గడ్డ. హిమోగ్లోబిన్ ఆరుకు పడితే రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. సర్కారు దవాఖానలో ఆపరేషన్ 27న. దాని ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, 20 వరకే. అరవై నిండిన పనిమనిషికి రెన్యువల్ లేదట. ఇఖామా లేకపోతే ఆపరేషన్ లేదు.

గంగామణికి నలభై తొమ్మిది. పాస్‌పోర్ట్‌లో మాత్రం మొన్న ఒకటో తారీఖుకు అరవై.

జనవరి 7

ఇద్దరం ఇఖామా కౌంటర్‌కు వెళ్లాం. క్లర్కు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసింది. గంగామణిని కుర్చీలో కూర్చోమంది, పెద్దావిడ ఉండగా నువ్వెందుకు మాట్లాడుతున్నావని నన్ను అడిగింది. నాకు యాభై ఆరు. జుట్టంతా తెల్లబడింది.

తమ్ముడు చిన్నరాజం సబ్హాన్‌లో తను పనిచేసే గోడౌన్ నుంచి ఫోన్‌లో నవ్వాడు. ఇగ దసరాకు జమ్మి వెట్టి చిన్నక్క కాళ్లు నువ్వే మొక్కాలె పెద్దక్కా అన్నాడు. నవ్వు రాలేదు.

జనవరి 8

రాయాల్సింది రాస్తాను. 2001లో ఇద్దరం కలిసే వచ్చాం. నాకు ముప్ఫై ఒకటి, దానికి ఇరవై నాలుగు. ముప్ఫై లోపు ఆడవాళ్లను ఇంటిపనికి పంపరని ఏజెంట్ దానికి ముప్ఫై అయిదు రాయించాడు. పుట్టినరోజు జనవరి ఒకటి. మా ఊళ్లో వెళ్లిన ఆడవాళ్లు సగం మంది ఆరోజే పుట్టారు. నేనూ సరే అన్నాను. వయసు ఎక్కువ రాస్తే నష్టమేముంది అనుకున్నాను.

జనవరి 11, ఆదివారం

మన ఎంబసీ పాస్‌పోర్ట్ కౌంటర్. వయసు దిద్దడానికి పుట్టిన సర్టిఫికెట్ కావాలి. లేదు. బడి కాగితం తెమ్మన్నారు. గంగామణి బడి ముఖం చూడలేదు. అయితే ఊళ్లో కోర్టుకు పొమ్మన్నారు. ఎన్నాళ్లు పడుతుందంటే నెలలని చెప్పారు. మా దగ్గర తొమ్మిది రోజులున్నాయి.

జనవరి 12

గడువు అడుగుదామని మళ్లీ ఇఖామా కౌంటర్‌కు వెళ్తే సిస్టమ్ డౌన్. రేపు రమ్మన్నారు.

జనవరి 13

మా ఇంటి యజమానురాలు మామా రోజుకు రెండు గంటలే వదులుతోంది. ఈరోజు అవీ దండుగ, గడువు ఇవ్వమన్నారు, కుదరదన్నారు. ఆపరేషన్ ముందుకు జరపడానికి నర్సు సత్యదుర్గ చాలా తిరిగింది. అమలాపురం పిల్ల. థియేటర్ ఖాళీ లేదండి, ఉన్నా రక్తం పదికి రాకుండా డాక్టరుగారు ముట్టుకోరండి అంది.

సాయంత్రం చిన్నరాజం ఇంకో దారి చెప్పాడు. మీ ఇద్దరి మొఖాలు ఒక్కతీరె ఉంటయి, నీ కార్డు మీద చేపిద్దాం, ఎవనికి తెలుస్తది అని.

నేను వద్దనలేదు. అదే రాసుకోవాలి. రాత్రి స్వామి ముందు కార్డు బయటికి తీశాను, మళ్లీ పర్సులో పెట్టాను.

జనవరి 15

సత్యదుర్గను వాడు అడగనే అడిగాడు. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి తిట్టింది. మీకేమన్నా మతిపోయిందా అండీ, మీ రక్తం గ్రూపు వేరు, ఆవిడది వేరు, ఆ కార్డు చూసి ఎక్కిస్తే టేబుల్ మీదే పోతారు అంది.

గంగామణికి చెప్పాను. అది నన్నేమీ అనదనుకున్నాను. అంది. విమానం ఎక్కేటప్పుడు ముప్ఫై అయిదు, ముప్ఫై అయిదు అని నాతోని పదిసార్లు అనిపిచ్చినవ్, గప్పుడు నాకు భయమైతుందంటె ఇన్నవా అక్కా అంది. తర్వాత ఏడ్చింది. నేను ఏడవలేదు. విన్నానో లేదో గుర్తు లేదు.

జనవరి 16, శుక్రవారం, సాయంత్రం ఏడు

పార్కు బెంచీ మీద ముగ్గురం తేల్చుకున్నాం. నా కార్డు మాట ఖలాస్. ఆపరేషన్ కరీంనగర్‌లో. ఆదివారం గంగామణి వెళ్తుంది, వెంట నేను. సెలవివ్వను, పోతే పోయినట్టే అని మామా అంది. సరే అన్నాను. చిన్నరాజం ఇక్కడే ఉంటాడు.

మళ్ల రానిస్తరా అని గంగామణి అడిగింది.

రెండు టికెట్లూ వన్‌వే తీయమని చిన్నరాజంతో అన్నాను.