తొక్కని నిమ్మకాయలు

శనివారం, వాల్డార్ఫ్

కోడలు స్వప్న ఇవాళ కొరియా లగ్జరీ ఎస్‌యూవీ కొని తెచ్చింది. చక్రాల కింద పెట్టమని నిమ్మకాయలు చేతికిస్తే, "జర్మనీలో ఉండి కొరియా బండా? నలుగురూ నవ్వరూ?" అని లోపలికి వచ్చేశాను.

సాయంత్రం అందులోనే ఎష్‌బోర్న్ వెళ్లాం. అబ్బాయి జర్మన్ బండి ఎక్కాలంటే ఎవరో ఒకరు నా చెయ్యి పట్టాలి. ఇది నేనే ఎక్కాను, నేనే దిగాను. కుదుపు లేదు, చప్పుడు లేదు. వంక పెట్టడానికి పేరు తప్ప ఏమీ దొరకలేదు.

"మీరు తేలిగ్గా లేచే కుర్చీ హైట్ కొలుచుకుని అన్ని షోరూములూ తిరిగానత్తయ్యా. ఈ సీటే సరిపోయింది," అంది స్వప్న, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఇంటికి రాగానే నిమ్మకాయల కోసం వెతికాను.

నిమ్మకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. రేపు పొద్దున్నే పెడతాను. కానీ తొలి ప్రయాణం అయిపోయిందిగా...